బీ450 బోర్డులో రైజెన్ 5 2600: ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే చాలా, బోర్డూ ర్యామూ కూడా మార్చాలా?

రామగుండం_రిగ్

అన్నలకు నమస్తే. గేమింగ్ పీసీ అప్‌గ్రేడ్ చేయాలి, సలహా కావాలి. ఇప్పుడున్న సామాను ఇదీ:

ప్రాసెసర్: రైజెన్ 5 2600, బాక్సులో వచ్చిన కూలరే
బోర్డు: బీ450ఎం, నాలుగు ర్యామ్ స్లాట్లు, వీఆర్‌ఎం (ప్రాసెసర్‌కు కరెంటు సర్దే భాగం) మీద చిన్న హీట్‌సింక్ ఉంది
ర్యామ్: డీడీఆర్4 3200, 8 జీబీ స్టిక్కులు రెండు
గ్రాఫిక్స్: ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీ
పవర్ సప్లై: 550 వాట్లు, బ్రాంజ్
మానిటర్: 1080పీ, 165 హెర్ట్జ్
విండోస్ 11

ఎక్కువగా ఆడేది కౌంటర్‌స్ట్రైక్ 2, వాలరెంట్. సైబర్‌పంక్ అప్పుడప్పుడు. కౌంటర్‌స్ట్రైక్‌లో స్మోక్ పడగానే, నలుగురు ఒకచోట చేరగానే ఫ్రేములు ఢమాలున పడిపోతున్నాయి. కానీ టాస్క్ మేనేజర్ చూస్తే ప్రాసెసర్ వాడకం 45 శాతమే. అంటే సగం ఖాళీగానే ఉన్నట్టు కదా? షాపువాళ్లు మాత్రం ప్రాసెసరే లోపం, మొత్తం మార్చేయమంటున్నారు. వాళ్లు చెప్పిన కాంబోలు మూడు:

ఒకటి, ఐ5 12400ఎఫ్ + హెచ్610 బోర్డు, ఉన్న డీడీఆర్4 ర్యామే వాడుకోవాలి.
రెండు, రైజెన్ 5 8400ఎఫ్ + ఏ620 బోర్డు + డీడీఆర్5 16 జీబీ స్టిక్కు ఒకటి.
మూడు, రైజెన్ 5 7600 + బీ650 బోర్డు + డీడీఆర్5 16 జీబీ స్టిక్కులు రెండు.

నా బడ్జెట్ 30 వేలు. మూడోది అది దాటి చాలా పైకి పోతోంది. గ్రాఫిక్స్ కార్డు ఇంకో రెండేళ్లు మార్చను. ఇంకో మాట, ఇక్కడ ఎండాకాలం గదిలో 38–40 డిగ్రీలు ఉంటుంది, ఏసీ లేదు. ఏది తీసుకోమంటారు?

---

ఒక్క_శాతం

తమ్ముడూ, జేబులోంచి రూపాయి తీసే ముందు రెండు పరీక్షలు చెయ్యి.

ముందు ఆ 45 శాతం సంగతి. 2600లో 12 థ్రెడ్లు ఉంటాయి. టాస్క్ మేనేజర్ చూపించేది 12 థ్రెడ్ల సగటు. గేమ్‌లో ముఖ్యమైన పని ఒకట్రెండు థ్రెడ్ల మీదే పడుతుంది. ఒక థ్రెడ్ పూర్తిగా ఊపిరాడక కొట్టుకుంటున్నా మొత్తంలో అది 8 శాతంగానే కనిపిస్తుంది. అందుకే ప్రాసెసర్ శాతాన్ని పక్కనపెట్టి గ్రాఫిక్స్ కార్డు శాతం చూడు. ఫ్రేమ్ లిమిట్, వీసింక్ (ఫ్రేములను మానిటర్ వేగానికి కట్టేసేది) రెండూ తీసేసి ఆడుతున్నప్పుడు కార్డు 95 పైన ఉంటే ఆగుతున్నది కార్డు దగ్గర. 50, 60, 70 దగ్గర తచ్చాడుతుంటే కార్డు తిండి కోసం ఎదురుచూస్తోందని అర్థం. ఆ తిండి పెట్టాల్సింది ప్రాసెసరూ ర్యామూ.

చూసే పద్ధతి: ఆఫ్టర్‌బర్నర్, దానితో వచ్చే రివాట్యూనర్ వేసుకో. తెర మీద కార్డు వాడకం, ఒక్కో కోర్ వాడకం, ఫ్రేమ్‌టైమ్ గీత, సగటు ఫ్రేములు, 1 శాతం కనిష్ఠం (అన్నిటికన్నా నెమ్మదిగా వచ్చిన ఒక శాతం ఫ్రేముల వేగం) పెట్టుకో. ఇప్పుడు అదే మ్యాప్, అదే చోటు, అదే సెట్టింగులతో 1080పీలో ఒకసారి, 720పీలో ఒకసారి కొలువు. 720పీలో ఫ్రేములు బాగా పెరిగితే కార్డే అడ్డు. పెరగకపోతే ఎన్ని వేలు పెట్టి కార్డు మార్చినా ఆ గేమ్‌లో లాభం లేదు, ప్రాసెసర్ వైపే చూడాలి. సైబర్‌పంక్‌కీ ఇదే చెయ్యి, జవాబు వేరే రావచ్చు.

రెండో పరీక్ష ర్యామ్ వేగం. 3200 స్టిక్కులు కొన్నంత మాత్రాన 3200లో నడవవు. బయోస్‌లో (బోర్డులోనే ఉండే సెట్టింగుల ప్రోగ్రాం) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను దాని మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు, ఆన్ చేయకపోతే 2133లోనో 2400లోనో నడుస్తాయి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీలో వేగం కనిపిస్తుంది. సీపీయూ-జీలో చూస్తే మాత్రం సగం అంకె చూపిస్తుంది, 1066 కనిపిస్తే 2133 అని లెక్క. ఈ తరం రైజెన్‌లో కోర్ల గుంపుల మధ్య నడిచే లోపలి దారి వేగం ర్యామ్ వేగానికి ముడిపడి ఉంటుంది. ర్యామ్ నెమ్మదిస్తే ప్రాసెసర్ కూడా లోపల్లోపల నెమ్మదిస్తుంది. స్టిక్కులు ఏ స్లాట్లలో ఉన్నాయో కూడా చూడు. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది. ఒకటీ రెండులోనో, మూడూ నాలుగులోనో పక్కపక్కనే గుచ్చి ఉంటే ఒకే ఛానెల్‌లో నడుస్తున్నట్టు.

2600కి అధికారికంగా చెప్పిన ర్యామ్ వేగం 2933. 3200 ఎక్స్‌ఎంపీ పెట్టాక బోర్డు రెండు మూడుసార్లు తనకు తానే రీస్టార్ట్ అయి పాత వేగానికి వచ్చేస్తే కంగారుపడకు. ఎక్స్‌ఎంపీ ఆన్ ఉంచి వేగం ఒక్కటి 2933కి దించు.

అంకెలు ఇక్కడ పెట్టు, అప్పుడు మాట్లాడుకుందాం.

---

రామగుండం_రిగ్

చేశా అన్నా. ర్యామ్ నిజంగానే 2133లో ఉంది! స్లాట్లు సరిగ్గానే ఉన్నాయి. 3200 ఎక్కలేదు, మీరు చెప్పినట్టే మూడుసార్లు రీస్టార్ట్ అయ్యింది. 2933 ఎక్కింది.

కౌంటర్‌స్ట్రైక్, 2133లో: సగటు 112, 1 శాతం 48, కార్డు 50–60 శాతం.
అదే 720పీలో: సగటు 116.
1080పీలోనే ర్యామ్ 2933 చేశాక: సగటు 127, 1 శాతం 58.
సైబర్‌పంక్, హై సెట్టింగులు: కార్డు 97–98 శాతం. జనం ఎక్కువున్న బజార్లో మాత్రం 75కి పడుతోంది.

---

ఒక్క_శాతం

ఇక అనుమానం లేదు. కౌంటర్‌స్ట్రైక్, వాలరెంట్‌లలో ప్రాసెసరే అడ్డు. సైబర్‌పంక్‌లో బజారు సీన్లు మెరుగుపడతాయి, మిగతాచోట్ల ఏ ప్రాసెసర్ పెట్టినా ఇప్పటి ఫ్రేములే వస్తాయి, ఎందుకంటే అక్కడ 3060 అప్పటికే ఉన్నదంతా ఇచ్చేస్తోంది. ఈ మాట ఇప్పుడే చెబుతున్నా, తర్వాత నిరాశపడొద్దని. ఏది కొనాలో మిగతావాళ్లు చెబుతారు, ఇక్కడ ఏఎం4 (నీ బోర్డు సాకెట్) పిచ్చోళ్లకు కొదవ లేదు.

---

పాతబోర్డు

పిలిచారు కాబట్టి వచ్చా :)

మీరు బోర్డు మార్చొద్దు. ర్యామ్ మార్చొద్దు. ప్రాసెసర్ ఒక్కటి మార్చండి. కారణాలు ఇవీ.

మీ 2600లో ఆరు కోర్లు రెండు గుంపులుగా ఉంటాయి, మూడేసి చొప్పున. ఒక్కో గుంపుకు 8 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ). ఒక గుంపులోని కోర్‌కు రెండో గుంపు దగ్గరున్న డేటా కావాలంటే ఊరు చుట్టి రావాలి. స్మోక్ పడ్డప్పుడు మీకు కనిపించే ఆ కుదుపులో దీని వాటా పెద్దది. రైజెన్ 5 5600లో ఆరు కోర్లూ ఒకే గుంపు, 32 ఎంబీ క్యాష్ అందరికీ ఉమ్మడి. పైగా 4.4 గిగాహెర్ట్జ్ వరకు వెళ్తుంది, మీది 3.9 వరకే. ఒక్కో గిగాహెర్ట్జ్‌కు చేసే పని కూడా ఎక్కువ. సాకెట్ అదే ఏఎం4, ర్యామ్ అదే, కూలర్ బాక్సులోనే వస్తుంది. మీ స్టిక్కులు 2600 కింద 3200 ఎక్కకపోయినా 5600 కింద చాలావరకు ఎక్కుతాయి, దాని మెమరీ కంట్రోలర్ మెరుగు.

బడ్జెట్ ఉంది కాబట్టి ఇంకో మెట్టు ఆలోచించొచ్చు, అది 5700ఎక్స్3డీ. ఎనిమిది కోర్లు, 96 ఎంబీ ఎల్3. వేగం 4.1 వరకే అని చూసి మొహం ముడుచుకోవద్దు. మీరాడే గేములకు గిగాహెర్ట్జ్ కన్నా ఆ క్యాషే ముఖ్యం, 1 శాతం అంకె దానివల్లే లేస్తుంది. చిక్కల్లా దొరకడమే. 5800ఎక్స్3డీ తయారీ ఎప్పుడో ఆగిపోయింది, 5700ఎక్స్3డీ కొత్త బాక్సు దొరకడం గగనంగా ఉంది. బయటి దేశాల వీడియోల్లో అలీఎక్స్‌ప్రెస్‌లో తెప్పించుకున్నామని చెబుతుంటారు, మనకు ఆ దారి 2020 నవంబరులోనే మూసుకుపోయింది. వారంటీ బాక్సు సరైన ధరకు దొరికితే తీసుకోండి. 5600 ధరకు రెండు రెట్లు మించి అడిగితే మాత్రం వదిలేయండి, మీ కార్డుకు అంత అక్కర్లేదు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. పేర్లలో మోసం ఉంది, అక్షరం తేడాతో వేరే చిప్ ఇస్తారు:

5500, 5600జీ, 5600జీటీ: మూడింట్లోనూ ఎల్3 16 ఎంబీయే, పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య దారి) 3.0యే. 5600 అడిగితే "అదే సార్, గ్రాఫిక్స్ కూడా ఉంటుంది" అని 5600జీ అంటగడతారు. మీకు కార్డు ఉండగా ఆ గ్రాఫిక్స్ దండగ.
5700: పెద్ద అంకె చూసి పడిపోవద్దు. ఎక్స్ లేని 5700 కూడా 16 ఎంబీ రకమే. 5700ఎక్స్ వేరు, దానికి 32 ఎంబీ ఉంది.
4500: దాని జోలికే వెళ్లొద్దు.

గేములతోపాటు స్ట్రీమింగో వీడియో ఎడిటింగో చేస్తే 5700ఎక్స్ మంచిది, ఎనిమిది కోర్లు. ఉత్త గేములకైతే 5600కీ దానికీ తేడా తక్కువ, పైగా దాని బాక్సులో కూలర్ రాదు.

వీఆర్‌ఎం గురించి: 5600, 5700ఎక్స్ రెండూ 65 వాట్ల చిప్‌లు, సాకెట్ నుంచి లాగే గరిష్ఠం 76 వాట్లు. మీ చిన్న హీట్‌సింక్ బోర్డుకు అది లెక్కలోకి రాదు. 5700ఎక్స్3డీకి పరిమితి 142 వాట్లని రాసి ఉంటుంది కానీ గేముల్లో దాని దరిదాపులకు కూడా పోదు. 5900ఎక్స్ లాంటివి మాత్రం ఈ బోర్డులో పెట్టకండి.

పీసీఐఈ 3.0 భయం మీకు లేదు, 3060 పూర్తిగా 16 లేన్లు (డేటా దారులు) వాడే కార్డు. ఇదే బోర్డులో 4060 గానీ ఆర్‌ఎక్స్ 6600 గానీ ఉంటే అవి 8 లేన్ల కార్డులు, వీడియో మెమరీ నిండినప్పుడు కాస్త దెబ్బ పడుతుంది. రేపు కార్డు మార్చేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక షాపువాళ్ల మొదటి కాంబో. 12400ఎఫ్ మంచి ప్రాసెసరే, కానీ గేముల్లో 5600 ఎంతో అదీ దాదాపు అంతే. మీరు అదే ఫలితానికి అదనంగా ఒక బోర్డు కొంటున్నారు, అది కూడా హెచ్610, ఆ వరసలో అట్టడుగుది. ప్రాసెసర్‌కు నేరుగా కలిసే ఎం.2 (ఎస్‌ఎస్‌డీ గుచ్చే స్లాట్) దారి అందులో ఉండదు.

రెండో కాంబో అయితే మరీ అన్యాయం. 8400ఎఫ్ చూడ్డానికి కొత్తది, కానీ ఎల్3 16 ఎంబీయే, గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చేది 8 లేన్లే. దానికి తోడు ఒకే ర్యామ్ స్టిక్కు, అంటే బ్యాండ్‌విడ్త్ సగానికి సగం కోత. కొత్త సాకెట్ పేరు చెప్పి పాత జబ్బునే మళ్లీ అమ్ముతున్నారు.

---

డబుల్‌రేట్_ఐదు

పాతబోర్డు గారు చెప్పినవాటిలో రెండో కాంబో మీద తిట్లు నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా. కానీ ఏఎం4లో ఇంకా డబ్బు పోయడం మీద నాకు పేచీ ఉంది.

ఏఎం4 దారి ఇక్కడితో ముగిసింది. 5700ఎక్స్3డీ దొరకనప్పుడు 5600 కొంటే, రెండేళ్ల తర్వాత కార్డు మార్చే రోజున మళ్లీ బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ మూడూ కొనాలి. దాని తర్వాతి సాకెట్ ఏఎం5 2022 సెప్టెంబరులో వచ్చింది, 2027 వరకూ, ఆపైనా దీన్ని కొనసాగిస్తామని ఏఎండీయే చెప్పింది. ఈరోజు 7600 పెట్టుకుని, రేపు సెకండ్ హ్యాండ్‌లో 7800ఎక్స్3డీయో 9800ఎక్స్3డీయో దొరికినప్పుడు చిప్ ఒక్కటి మార్చుకుంటే సరిపోతుంది. ఇప్పుడు ఏఎం4 వాళ్లు అనుభవిస్తున్న సుఖం అదే కదా.

ఎవరైనా ఆ దారిలో పోతే బోర్డు ఎలా ఎంచుకోవాలో చెబుతా, ఎందుకంటే జనం ఎక్కువ డబ్బు పారబోసేది అక్కడే.

గేమింగ్‌కు బీ650 చాలు. కార్డు స్లాట్ పీసీఐఈ 5.0 కావాలని ఎక్స్870 దాకా పోనక్కర్లేదు. ఎక్స్870కి యూఎస్‌బీ4 తప్పనిసరి చేశారు, దాని ఖర్చు ధరలో కలిసే ఉంటుంది. వాడనివాళ్లకు ఎందుకు? బీ850 పేరు దగ్గర ఒక మెలిక ఉంది. దాని తమ్ముడు బీ840 అంకెలో దగ్గరే అయినా తక్కువ రకం, ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ ఉండదు, చిప్‌సెట్ నుంచి వచ్చే లేన్లు 3.0యే. ఏ620 కూడా 65 వాట్ల చిప్‌కు పనికొస్తుంది, కానీ దాంట్లో చవక బోర్డులకు వీఆర్‌ఎం మీద హీట్‌సింకే ఉండదు. రేపు 120 వాట్ల 7800ఎక్స్3డీ పెట్టుకుందామన్న ఆలోచన ఉంటే అలాంటిది కొనకండి.

బోర్డులో డబ్బు పెట్టాల్సినవి: వీఆర్‌ఎం రెండు వైపులా హీట్‌సింక్, ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ ఎక్కించే బటన్, మీకు కావాల్సినన్ని ఎం.2 స్లాట్లు. పెట్టక్కర్లేనివి: రంగుల లైట్లు, పేరుకు పక్కన గేమింగ్ అన్న మాట, నాలుగు ర్యామ్ స్లాట్లు. అవును, నాలుగు స్లాట్లు. ఏఎం5లో నాలుగు స్టిక్కులు గుచ్చితే అధికారిక వేగం 3600కు పడిపోతుంది. రెండు స్టిక్కులే పెట్టాలి, 6000 వేగం, సీఎల్30 (ఆలస్యం తక్కువ) రకం, ఎక్స్‌పో (ఏఎండీ వాళ్ల ఎక్స్‌ఎంపీ) ఉన్నవి.

ఆ బయోస్ బటన్ ఎందుకంటే, షాపులో చాన్నాళ్లుగా పడున్న బీ650లో పాత బయోస్ ఉంటుంది. 9000 వరస చిప్ పెడితే తెర నల్లగానే ఉంటుంది, బోర్డు చచ్చిపోయిందనుకుని వెనక్కి తీసుకెళ్తారు. ఎక్స్3డీ పెట్టేవాళ్లు బయోస్ కచ్చితంగా కొత్తది చేయాలి. 2023లో 7800ఎక్స్3డీలు కొన్ని సాకెట్‌లోనే కాలిపోయాయి. ఎస్ఓసీ వోల్టేజీ (చిప్‌లో మెమరీ కంట్రోలర్ ఉండే భాగానికి వెళ్లేది) ఎక్కువ పోవడం అందుకు కారణమని తేలాక, తర్వాతి బయోస్‌లలో దానికి 1.3 వోల్టుల దగ్గర అడ్డుకట్ట వేశారు.

ఇంకోటి, ఏఎం5 మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ను సరిచూసుకోవడానికి నిమిషాల కొద్దీ తీసుకుంటుంది. బోర్డు మీద డ్రామ్ లైటు వెలుగుతూ తెర నల్లగా ఉంటుంది. ఆ టైములో స్విచ్ ఆపితే మళ్లీ మొదటికొస్తుంది. పదిహేను నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చోండి.

---

పాతబోర్డు

మీరు చెప్పిన దారి మామూలు రోజుల్లో నేనూ చెప్పేవాణ్ణే. కానీ ర్యామ్ ధర మర్చిపోయారు. 2025 చివరి నెలల నుంచి డీడీఆర్5 ఎగబాకిన తీరు చూస్తూనే ఉన్నారుగా. తయారీదార్లంతా ఏఐ సర్వర్లకు వెళ్లే మెమరీ వైపు మళ్లారు. మైక్రాన్ అయితే 2025 డిసెంబరులో క్రూషియల్ బ్రాండు వ్యాపారమే వదులుకుంటున్నామని ప్రకటించింది. ఈ ధరల్లో 32 జీబీ డీడీఆర్5 కొనడమంటే 30 వేల బడ్జెట్‌లో ప్రాసెసర్‌కు మిగిలేది చిల్లరే. ఆయన చేతిలో పనిచేస్తున్న డీడీఆర్4 ఉంది. ఇవాళ అది చిన్న ఆస్తి.

పైగా ఆయనది 3060. 7600 పెట్టినా సైబర్‌పంక్‌లో అదే 97 శాతం గోడ. 5600 పెట్టుకుని రెండేళ్లు ఆడనివ్వండి, అప్పటికి మీ ఏఎం5లోనో దాని తర్వాతిదానిలోనో సరసమైనది కొనుక్కుంటాడు.

ఒక్క సందర్భంలో మీ మాటే నెగ్గుతుంది. బోర్డు పోయినా, ర్యామ్ 8 జీబీ ఒకే స్టిక్కు ఉన్నా, ప్రాసెసర్ ఇంటెల్ నాలుగో ఐదో తరం పాతదైనా, ఉన్నదాన్ని నిలబెట్టుకోవడానికి ఏమీ లేదు కాబట్టి అప్పుడు ఏఎం5యే.

---

డబుల్‌రేట్_ఐదు

ర్యామ్ ధర దగ్గర ఓడిపోయా, ఒప్పుకుంటా. ఈ బడ్జెట్‌కు 5600యే.

సెకండ్ హ్యాండ్ ఇంటెల్ వెతికేవాళ్ల కోసం ఒక మాట కలిపి పోతా. 13, 14 తరాల ఐ7, ఐ9, కే రకం ఐ5 చిప్‌లు కొన్ని ఎక్కువ వోల్టేజీ వల్ల లోపల అరిగిపోయాయి. 2024 ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబరులో 0ఎక్స్12బీ మైక్రోకోడ్‌లతో (బయోస్ ద్వారా చిప్‌కు ఎక్కే సవరణలు) ఇంటెల్ దానికి అడ్డుకట్ట వేసింది. కానీ అప్పటికే అరిగినదాన్ని ఏ బయోస్సూ బాగుచేయదు. బాక్సు చిప్‌లకు వారంటీ రెండేళ్లు పొడిగించారు, కాబట్టి బిల్లు లేకుండా వాటిని కొనొద్దు. 12వ తరానికి ఈ జబ్బు లేదు.

---

రామగుండం_రిగ్

అందరికీ థాంక్స్ అన్నా. 5600 ఖాయం చేసుకున్నా. ఎప్పుడూ ప్రాసెసర్ విప్పలేదు. బయోస్ కూడా అప్‌డేట్ చేయాలంటున్నారు, మధ్యలో కరెంటు పోతే? వరసగా ఏం చేయాలో ఎవరైనా చెప్తారా?

---

పిన్ను_జాగ్రత్త

అన్నిటికన్నా ముందు: బయోస్ అప్‌డేట్ పాత ప్రాసెసర్ బోర్డులో ఉండగానే చేయాలి. పాత బయోస్‌కు 5600 ఎవరో తెలియదు. చిప్ మార్చేసి తర్వాత చేద్దామనుకుంటే తెర రాదు, మళ్లీ పాతది పెట్టాల్సి వస్తుంది.

ఒకటి. విండోస్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి బోర్డు పూర్తి పేరు, బయోస్ వెర్షన్, తేదీ రాసుకోండి. బోర్డు మీద అచ్చేసిన రివిజన్ అంకె కూడా చూడండి. ఒకే పేరుతో 1.0, 2.0 బోర్డులుంటే వాటి బయోస్‌లు వేరు. కంపెనీ సైట్‌లో మీ బోర్డు పేజీలో ప్రాసెసర్ల జాబితాలో 5600 ఎదుట ఏ వెర్షన్ నుంచి అని ఉంటుంది. ఏజీసా (బయోస్ లోపల ఏఎండీ ఇచ్చే భాగం) 1.2.0.7 లేదా ఆపైది తీసుకోండి. విండోస్ 11లో ఎఫ్‌టీపీఎం (తాళాలు దాచే, ప్రాసెసర్ లోపలి భద్రతా భాగం) వల్ల ఉండుండి ఆట ఆగి ఆగి నడిచే సమస్య ఆ వెర్షన్‌తోనే పోయింది. మరీ పాత బయోస్ అయితే మధ్యలో ఇంకో వెర్షన్ ఎక్కించాకే కొత్తది ఎక్కించమని రాసి ఉంటుంది, ఆ గమనిక దాటేయొద్దు.

రెండు. దీన్ని చాలామంది మర్చిపోయి తర్వాత లబోదిబోమంటారు. విండోస్ 11లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్ ఉందేమో చూడండి. ఉంటే ఆపేయండి, కనీసం 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. మీ ఎఫ్‌టీపీఎం ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది, చిప్ మారగానే పాత తాళాలు పోతాయి, విండోస్ ఆ కీ అడుగుతుంది. కీ లేకపోతే డ్రైవ్‌లో ఉన్నదంతా పోయినట్టే.

మూడు. పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, జిప్ విప్పి ఫైల్ అందులో పెట్టండి. రీస్టార్ట్ చేసి బయోస్ లోపలున్న అప్‌డేట్ పేజీ నుంచే ఎక్కించండి, విండోస్‌లో నడిచే యాప్‌తో కాదు. కరెంటు భయానికి మందు యూపీఎస్ ఒక్కటే. లేకపోతే అరువు తెచ్చుకోండి. పని ఐదు పది నిమిషాలే, కానీ మధ్యలో పోతే బోర్డు ఇటుక అవుతుంది. గాలివాన వచ్చే సాయంత్రం మాత్రం పెట్టుకోకండి.

నాలుగు. అప్‌డేట్ అయ్యాక పాత ప్రాసెసర్‌తోనే ఒకసారి విండోస్ తెరవండి. బయోస్ సెట్టింగులన్నీ మొదటికొస్తాయి, ఎక్స్‌ఎంపీ పోతుంది. ఇప్పుడే పెట్టకండి, చిప్ మార్చాక పెడదాం.

ఐదు. విప్పడం. దీనికి ముందు ఓ పది నిమిషాలు గేమ్ ఆడండి. సరదాకి కాదు, కూలర్ కింద పేస్ట్ మెత్తబడటానికి. ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిపోయిన పేస్ట్ మీద కూలర్‌ను నిలువుగా లాగితే, లివర్ మూసి ఉండగానే ప్రాసెసర్ కూడా ఊడి కూలర్‌కు అంటుకుని వచ్చేస్తుంది, పిన్నులు వంగిపోతాయి. షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కండి. ఫ్యాన్ వైరు తీయండి. నాలుగు స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం వదులు చేయండి. కూలర్‌ను కుడికీ ఎడమకీ మెల్లగా తిప్పుతూ, జారినట్టు అనిపించాకే ఎత్తండి. స్క్రూలు విప్పాక బోర్డు వెనక ప్లేటు కింద పడిపోగలదు, క్యాబినెట్‌ను పడుకోబెట్టి చేయండి.

ఆరు. లివర్ ఎత్తి, పాతది తీసి, కొత్తదాని మూలనున్న బంగారు త్రికోణాన్ని సాకెట్ మీది త్రికోణంతో కలిపి ఊరికే వదలండి. దానంతట అదే దిగాలి. నొక్కాల్సి వచ్చిందంటే ఏదో తప్పు, తీసి పిన్నులు చూడండి. దిగాక లివర్ దించండి. 5600 బాక్సు కూలర్‌కు అడుగున పేస్ట్ ముందే పూసి ఉంటుంది, మీరు ఇంకోటి పూయొద్దు. వేలితో ముట్టుకోవద్దు. స్క్రూలు మళ్లీ ఎదురెదురుగా బిగించి, ఫ్యాన్ వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసున్నచోటే గుచ్చండి.

ఏడు. ఆన్ చేయగానే ఒకట్రెండుసార్లు రీస్టార్ట్ కావచ్చు, నిమిషం దాకా నల్ల తెర ఉండొచ్చు. తర్వాత కొత్త ప్రాసెసర్ పెట్టారు, ఎఫ్‌టీపీఎం రీసెట్ చేయాలా అని అడుగుతుంది. కీ రాసుకున్నారు కాబట్టి అవునని నొక్కండి. తెర అసలే రాకపోతే ప్లగ్ తీసి, బోర్డు మీది గుండ్రటి బ్యాటరీ ఐదు నిమిషాలు తీసి పెట్టండి. ఒకే స్టిక్కు రెండో స్లాట్‌లో గుచ్చి మళ్లీ చూడండి.

విండోస్ వచ్చాక ఏఎండీ సైట్ నుంచి చిప్‌సెట్ డ్రైవర్. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ 3200, సీఎస్ఎం (పాత తరహా బూట్) ఆఫ్, రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకునేలా చేసేది) ఆన్, సెక్యూర్ బూట్ ఆన్. ఈ చివరిది లేకపోతే విండోస్ 11లో వాలరెంట్ తెరుచుకోదు, బయోస్ అప్‌డేట్ తర్వాత ఆట రావట్లేదని మొత్తుకునేవాళ్లలో సగం మందికి అదే కారణం. బోర్డు మారలేదు కాబట్టి విండోస్ యాక్టివేషన్‌కు ఇబ్బంది రాదు.

---

రామగుండం_రిగ్

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదన్నా. ఆఖరి ప్రశ్న: 40 డిగ్రీల గదిలో ఆ బాక్సు కూలర్ సరిపోతుందా?

---

ఒక్క_శాతం

నడుస్తుంది, కానీ ఫ్యాన్ అరుస్తుంది. గది ఒక డిగ్రీ పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది, ఏ కూలరూ గది వేడి కన్నా కిందికి దించలేదు. జనవరిలో 70 చూపించేది మేలో 85–90కి చేరుతుంది, అప్పుడు వేగం కాస్త తగ్గించుకుంటుంది తప్ప చెడిపోదు.

5600కి మిగిలిన డబ్బులో 120 ఎంఎం ఫ్యాన్ ఉన్న సింగిల్ టవర్ కూలర్ ఒకటి కొను. ఏకే400 లాంటిది చాలు, ఎత్తు 155 మిల్లీమీటర్లు. నీ క్యాబినెట్‌లో అంత జాగా ఉందో లేదో స్కేలుతో కొలిచాకే కొను, సైడ్ డోర్ మూయలేక ఊడదీసి పెట్టుకున్నవాళ్లు బోలెడుమంది. రేపు ఏఎం5కి పోయినా అదే కూలర్ బిగుస్తుంది. ముందువైపు దుమ్ము జాలీ నెలకోసారి తీసి దులుపు, మీ ఊళ్లో అయితే రెండు వారాలకోసారి.

ఖర్చు లేని మార్గం ఇంకోటి ఉంది. బయోస్‌లో పీబీఓ (ప్రాసెసర్ ట్యూనింగ్) కింద, వోల్టేజీ తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్‌ను అన్ని కోర్లకూ మైనస్ 10 పెట్టు, బాగుంటే 15. కొన్ని డిగ్రీలు తగ్గుతుంది, వేగం తగ్గదు. దీంతో వచ్చే తంటా ఏమిటంటే, ఎక్కువ పెడితే ఆడుతున్నప్పుడు కాదు, బ్రౌజర్ తెరిచి ఖాళీగా కూర్చున్నప్పుడు పీసీ ఉన్నట్టుండి రీస్టార్ట్ అవుతుంది. అలా అయితే 5 వెనక్కి తగ్గు.

---

పాతబోర్డు

కొనేటప్పుడు ట్రే చిప్ (బాక్సు లేని విడి చిప్) ఇస్తామంటే వద్దనండి. దానికి వారంటీ షాపువాడి నోటి మాటే, కూలర్ కూడా రాదు. సీల్ ఉన్న బాక్సు తీసుకుని, దాని మీది సీరియల్ నంబరు జీఎస్‌టీ బిల్లులో రాయించండి. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో అయినా ఆన్‌లైన్‌లో అయినా ఇదే. బాక్సుకు చిన్న కిటికీ ఉంటుంది, అందులోంచి చిప్ మీద 5600 అనే ఉందా, పక్కన జీ గానీ జీటీ గానీ ఉందా అని డబ్బు కట్టకముందే చదవండి.

---

రామగుండం_రిగ్

క్యాబినెట్ కొలిచా, 160 వస్తోంది. శనివారం సికింద్రాబాద్ పోతున్నా. మార్చాక అదే మ్యాప్‌లో, అదే చోట కొలిచి అంకెలు ఇక్కడే పెడతా.